ఒంగోలు సంఘమును కట్టినవారెవరు?

ఒంగోలునకు ఉత్తరముగా పదిమైళ్ల దూరమున, గుండ్లకమ్మ యొడ్డున, వెల్లంపల్లి యను గ్రామము కలదు. 1878వ సంవత్సరము జూలై 3వ తేదీని ఆ గ్రామ సమీపమున నదిలో 2,222 మంది స్త్రీపురుషులు ఒక్క దినముననే బాప్తిస్మము పొందిరి. ముందునాడు 614 మంది, మరునాడు 700 మంది పొందిరి. మూడు దినములకు మొత్తము 3,536 మంది యైరి. ఆ సంవత్సరము ముగియునప్పటికి ఆ సంఖ్య తొమ్మిదివేలను మించెను. కొలది యేండ్లలో ఒంగోలు సంఘము ప్రపంచమునందలి బాప్తిస్టు సంఘములన్నింటిలో పెద్దదని అమెరికా దేశపు పత్రికలు చాటినవి. నెల్లూరు జిల్లాలో నొక మూలనున్న తాలూకా పట్టణమునకు అంతటి ఖ్యాతి యట్లు వచ్చెను.

ఈ వృత్తాంతమును మన దేశమున రెండు విధముల జెప్పుకొనుట వాడుక. మిషనరీల గ్రంథములలో నిది దైవిక మహాద్భుతము. జాన్ క్లౌ దొరగారు దానికి నాయకుడు. గ్రామములలోని పెద్దల నోట నిది కరవు కథ. మాలమాదిగలు కూటికొఱకు మతము కలిసిరని వారి తీర్పు. ఈ రెండు కథలలోను ఆ మూడువేల యైదువందల మందికి స్వంతబుద్ధి యున్నట్లు కానరాదు. ఒక కథలో వారు దొరగారి కీర్తికి సంఖ్యలు. రెండవ కథలో ఆకలికి సంఖ్యలు. మాకు రెండును తృప్తికరములుగా లేవు. ఆ కాలపు వృత్తాంతములను, క్లౌగారి రెండవ భార్యయగు ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌగారు సమకూర్చిన గ్రంథములను ఓపికతో చదివినచో మూడవ కథ యొకటి బయటపడుచున్నది. దానిని పాఠకులయెదుట నుంచుటయే మా యుద్దేశము.

తెలుగుదేశమున అమెరికా బాప్తిస్టు మిషను 1836లో నారంభమయ్యెను. శామ్యూల్ డే అను నాయన మొదట ఉత్తర సర్కారులలోను, పిదప మదరాసులోను ఉండి 1840లో నెల్లూరు చేరెను. ముప్పది యేండ్లు గడచినను ఫలితము నామమాత్రము. ఈ మిషనును మూసివేయవలెనని అమెరికాలోని సభవారు ఒకసారి కాదు, మూడుసార్లు తలపెట్టిరి. 1853లో ఆల్బనీ పట్టణమున నిట్టి చర్చ జరిగినప్పుడు పటములో నెల్లూరును సూచించు చుక్క యొంటిగా నుండుట చూచి యెవరో దానిని ఒంటినక్షత్రమనిరి. ఆ పేరుతో నొక పద్యము పుట్టెను, మిషను బ్రతికెను. పద్యమువలన నొక సంస్థ బ్రతుకుట మన జమీందారుల చరిత్రలలోనే కాదు, అమెరికావారి చరిత్రలోను కలదన్నమాట. ఆ మరుసటి సంవత్సరాదిని లైమన్ జూయెట్ దంపతులు ముగ్గురు తెలుగు క్రైస్తవులతో ఒంగోలు కొండయెక్కి ప్రార్థించిరి. దానిని నేటికిని ప్రార్థనకొండ యందురు.

క్లౌగారు 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరిరి. ఆయన ముందు సర్వేపని నేర్చినవాడు. ఈ విషయము తరువాత మనకు పనికివచ్చును. 1867 జనవరి 1వ తేదీని ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము స్థాపితమైనది. ఎనిమిదిమందితో మొదలైన సంఘము పదునొకండేండ్లలో వేలకు పెరిగిన కారణమును వెదకవలసినచోటు దొరగారి బంగళా కాదు, యర్రగుంట్ల పేరయ్య యిల్లు.

పేరయ్య మాదిగ కులజుడు, తోళ్ల వర్తకుడు. పచ్చితోళ్లు కొనుటకును అమ్ముటకును ఆయన దూరప్రాంతములకు పోవుచుండెను. అంతకు మించి ఆయన రాజయోగోపదేశము పొందినవాడు, శిష్యులు కలవాడు. పోతులూరి వీరబ్రహ్మముగారి సంప్రదాయమునకు జెందిన గురువులును, ఆ ప్రాంతమున నప్పుడు తిరుగుచుండిన ఇతర గురువులును మాదిగవాడలలో విగ్రహారాధన వ్యర్థమనియు, దేవుడు ఒక్కడనియు, కులభేదము మానవకల్పితమనియు చాలకాలమునుండి బోధించుచుండిరి. అంటరానివాడలలో మతచింతనమే లేదని తలచువారు ఈ సంగతి గమనింపవలెను. పేరయ్య గోదావరీ మండలములవైపు వర్తకమునకు పోయినప్పుడు అచ్చటి మిషనరీల బోధ విని, తాను వెదకుచున్నది యిదియే యని నిశ్చయించుకొని, తనంత తానుగా బాప్తిస్మము కోరివచ్చెను. ఆయనకును భార్య నాగమ్మకును 1866లో, అనగా క్లౌగారు ఒంగోలున కాపురము పెట్టుటకు ముందే, బాప్తిస్మమయ్యెను. దొరగారు పేరయ్యను వెదకి పోలేదు, పేరయ్యయే వెదకివచ్చెను.

పిమ్మట పేరయ్య ఒంగోలునకు పడమట నలువది మైళ్ల దూరమునగల తన గ్రామమునకు క్లౌగారిని రప్పించెను. 1867 జనవరిలో అచ్చట చింతతోపులో కొన్నిదినములు బస. చుట్టుపట్ల గ్రామములనుండి పేరయ్య బంధువులును, శిష్యులును మూటలు గట్టుకొని వచ్చి కూర్చుండిరి. 28 మంది బాప్తిస్మము పొందిరి. వీరిలో మన్యమునుండి తప్పివచ్చినవారు, ఆకలిగొన్నవారు, బంగళా నౌకరులు ఎవరును లేరు. అందఱును ఒక బంధువర్గము, ఒక గురుపరంపర. ఒంగోలు సంఘము పెరిగిన త్రోవ యిదియే. బావకు మఱది చెప్పును, వియ్యంకునకు వియ్యంకుడు చెప్పును. చెప్పులు కుట్టుచున్నచోట, పెండ్లి పందిటిలో, తోళ్ల సంతలో మాట నడచును. బంగారపు తాతయ్య మొదలగు ఇతర బోధకులును ఇట్టివారే. ముందు యోగమార్గమున గురువులు, పిదప క్రైస్తవ బోధకులు. క్లౌగారి ప్రజ్ఞ యేమనగా, ఆయన యీ త్రోవను గుర్తించి దానికి అడ్డుపడలేదు. కలిసినవారిని గ్రామములు విడిచి మిషను కాంపౌండులో చేరుడని పిలువక, ఎవరి పల్లెలో వారే యుండవలెననిరి. ఆ రోజులలో నిది మిషనరీలందఱును ఒప్పుకొన్న పద్ధతి కాదు.

కలిసినవారికి ఆయన విధించిన నియమములు ముఖ్యముగా మూడు. ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. చదువుటకు నివి సామాన్యముగా దోచును. గ్రామవ్యవస్థ నెఱిగినవారికి మాత్రము వీని బరువు తెలియును. చచ్చిన గొడ్డును లాగివేయుట, తోలు ఒలిచి పదునుచేయుట, రైతునకు చెప్పులును కపిలబావికి తోలుబానయు కుట్టియిచ్చుట, జాతరలో డప్పు కొట్టుట మాదిగ వారి విధులు. దీనికి ప్రతిగా కళ్లమున వారికి మేర ముట్టును. ఆదివారము పనికి రానన్న మాదిగ రైతు చేనికి నష్టము; డప్పు కొట్టనన్న మాదిగ అమ్మవారి జాతరకే విఘ్నము. కావుననే గ్రామములలో కలహములు పుట్టినవి. మేర ఆపిరి, నీరు ముట్టనీయరైరి, కొట్టిరి, కొన్నిచోట్ల కచేరీకి లాగిరి. కూటికొఱకు కలిసిరనువారు ఈ సంగతిని లెక్కలోనికి తీసికొనవలెను. కలిసినందువలన మొట్టమొదట పోయినది కూడే.

ఇక్కడ నింకొక వృత్తాంతము చెప్పదగియున్నది. ఒంగోలు బ్రాహ్మణులు తమ బిడ్డలకు ఇంగ్లీషు చదువు కావలెనని క్లౌగారిచే నొక పాఠశాల పెట్టించిరి. బడి బాగుగా నడచుచుండెను. ఇంతలో మాదిగ క్రైస్తవులు వచ్చుట మొదలైనది. వారిని చేర్చుకొన్నచో మా పిల్లలను మాన్పింతుమని పెద్దలు తెలియజేసిరి. పై కులములవారు కలిసినచో క్రిందివారు తామే వత్తురని ఆనాడు చాలమంది మిషనరీల లెక్క. క్లౌ దంపతులు ఆ లెక్కను వదలుకొనిరి. కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి పత్రికలో, లోకము నీచముగా నెంచువారిని దేవుడు ఏర్పరచుకొనెనను భావముగల భాగమును భార్యాభర్తలు ఇరువురును వేర్వేఱుగా చదివి ఒకే నిశ్చయమునకు వచ్చిరని వారు వ్రాసికొనిరి. అది యెట్లున్నను, బడి పోయెను, సంఘము నిలిచెను. క్షామమునకు ముందే యీ సంఘమున మూడువేల మంది వఱకు ఉండిరి. ఈ యొక్క సంగతియే కరవు కథను సగము త్రోసివేయుచున్నది.

ఇక మిగిలిన సగము. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన కరవు మదరాసు రాజధాని, మైసూరు, బొంబాయి దక్కను, హైదరాబాదు సంస్థానములను పాడుచేసినది. మృతులు ఏబది లక్షలకు మించిరని చరిత్రకారులు లెక్కించిరి. సహాయపు పనులలో పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయు చాలునని సర్ రిచర్డు టెంపిల్ నిర్ణయించిన కూలి చరిత్రలో అపకీర్తికెక్కినది. అప్పుడే దొరతనమువారు మదరాసుకును కృష్ణా కాలువలకును నడుమ జలమార్గమును పూర్తిచేయించిరి. గవర్నరు పేర నది బకింగుహాము కాలువయైనది. క్లౌగారు అందులో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టుగా తీసికొనిరి. సర్వేపని యిప్పుడు పనికివచ్చెను. వేలకొలది జనము ఆ పాళెములో చేరిరి. సంఘబోధకులు మేస్త్రీలుగా నియమితులైరి. పగలు కొలతలు, కూలిలెక్కలు. విశ్రాంతివేళ మట్టిగట్టుల మీద బోధ.

ఈ యేర్పాటును విమర్శించువారికి విమర్శకు తావు కలదని మేము ఒప్పుకొందుము. కూలియిచ్చుచేయియు, బోధించునోరును ఒక్కటియైనప్పుడు వినువానికి పూర్తి స్వాతంత్ర్యముండదు. మేస్త్రీ మాటను కూలివాడు వినకుండుట కష్టము. క్లౌగారికిని ఈ యనుమానము తోచినట్లున్నది. ఏలయన కరవు సాగినంతకాలము, సుమారు పదునైదు నెలలు, ఆయన ఒక్కరికిని బాప్తిస్మము ఇయ్యనీయలేదు. ఎందఱడిగినను కరవు తీఱిన పిమ్మట చూతమనిరి. 1878 వేసవి గడచి, సహాయద్రవ్యము నిలిచిపోయిన తరువాత వెల్లంపల్లిలో బోధకుల సభ పిలిచిరి. జనము వేలుగా వచ్చి పడిరి. మీకిచ్చుటకు నాయొద్ద నేమియు లేదు, పొండని ఆయన గోడయెక్కి చెప్పెననియు, మాకేమియు వలదు, పనిచేసి తిన్నామనుటకు మా చేతుల బొబ్బలే సాక్ష్యమని వారు బదులుచెప్పిరనియు ఆయన జీవితవృత్తాంతమున నున్నది. చెప్పినది కథానాయకుడే గావున పలుకులను మేము అక్షరాల నమ్ముమని పాఠకుల నడుగము. కాని సహాయము ఆగిన పిమ్మటనే యీ బాప్తిస్మములు జరిగెననుట తేదీలవలన స్పష్టము.

ఆ బాప్తిస్మము జరిగిన తీరును తెలిసికొనదగినదే. గ్రామముల వారీగా జనమును కూర్చుండబెట్టి, ఆయా ప్రాంతపు బోధకుడు వారిని పరీక్షించి సాక్ష్యము చెప్పవలెను. నీళ్లలోనికి దిగినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఒక్కొక్క వేళ ఇద్దఱు మాత్రము నీటిలో నుందురు, అలసినప్పుడు వేఱిద్దఱు దిగుదురు. ఉదయము కొన్నిగంటలు, సాయంకాలము కొన్నిగంటలు, మొత్తము తొమ్మిది గంటలలో 2,222 మంది. అనగా నిమిషమునకు నలుగురు. క్లౌగారు ఒక్కరికైనను బాప్తిస్మమియ్యలేదు, గట్టుననే యుండిరి. అమెరికాలో ముద్రితమైన వ్యాసములలో క్లౌగారి పేరు వేయిమారులు కానవచ్చును. ఆ యార్గురి పేర్లు వెదకికొనవలసియున్నది. మా మనస్సునకు నొచ్చునది యిదియే.

ఆకలి కారణము కాదని మే మనము. క్షామము పాత గ్రామబంధమును తెంచివేసినది. మేర యిచ్చుటకు రైతునకే గింజలు లేనప్పుడు మాదిగను గ్రామముతో గట్టియుంచినదేది? జాతరలు నిలిచెను, దేవతలు కాపాడలేదు. అట్టి వేళ పదియేండ్లుగా బంధువులు చెప్పుచున్న మాట చెవి కెక్కినది. ఆకలి తలుపు తెఱచినదనుట సరి. ఇల్లు కట్టినది మాత్రము ఆకలి కాదు. 1890 డిసెంబరు 28వ తేదీని, కరవు లేని కాలమున, ఒంగోలులో ఒక్కదినమున 1,671 మంది బాప్తిస్మము పొందుటకు కరవు కథలో సమాధానము లేదు.

ఇంత పెద్ద సంఘమును కాపాడుట దానిని చేర్చుటకంటె కష్టమైనది. ఇరువదివేల మంది సభ్యులు నూర్లకొలది పల్లెలలో చెదరియున్నారు. చదువు వచ్చినవారు పల్లెకొకడు దొరకుట దుర్లభము. క్లౌగారు అమెరికాకు పోయి ఇరువదియైదుగురు మిషనరీలను, ఏబదివేల డాలర్లను అడిగి సాధించిరి. కనిగిరి, పొదిలి, కంభము, మార్కాపురము, దర్శి, దొనకొండ, వినుకొండ, నరసారావుపేట, బాపట్లలలో స్టేషనులు వెలసినవి. రామాయపట్టణమున బోధకులకు దైవశాస్త్ర పాఠశాల, ఒంగోలున హైస్కూలు, క్లౌగారి స్మారకముగా ఆస్పత్రి, నెల్లూరున స్త్రీలకును శిశువులకును ఆస్పత్రి. ఇవన్నియు పేర్కొనదగినవే కాని, మా దృష్టిలో వీనికంటె నెక్కువ పని చేసినది పల్లెబడి. మాదిగపల్లెలో నొక తాటాకు పాక. పగలు బడి, రాత్రి ప్రార్థన, ఆదివారము గుడి. జీతము స్వల్పము. పంతులుగారును ఆ పల్లెవాడే, పంతులమ్మ ఆయన భార్యయే. కరణముగారి చీటిని ఇంకొకరిచే చదివించుకొనక తానే చదువుకొనగలిగిన మొదటి తరము ఈ పాకలలోనుండి వచ్చినది. దస్తావేజుపై వేలిముద్రకు బదులు సంతకము పడిననాడు గ్రామములో కలిగిన కలవరము వెల్లంపల్లి వార్తకంటె తక్కువది కాదు.

మిషను చేసినదంతయు మెచ్చదగినదే యని మేము వ్రాయజాలము. నేరజాతుల చట్టము 1911లో వచ్చిన తరువాత కావలిలో ఎరుకలవారి సెటిల్మెంటు ఈ మిషను నిర్వహణమునకే వచ్చినది. పుట్టుకచేతనే దొంగలని దొరతనమువారు ముద్రవేసిన కుటుంబములను హాజరుపట్టీ క్రింద నిలుపుట సువార్త పని యెట్లగునో మాకు బోధపడలేదు. పనులు నేర్పిరి, బడి పెట్టిరి, నిజమే. కాపలాదారును గురువును ఒక్కడే యగుట కాలువగట్టున మేస్త్రీయు బోధకుడును ఒక్కడగుటకంటె చెడ్డది. ఆ చట్టము 1952లో రద్దయినది.

ఇట్టి సామూహికములైన మతాంతరములు ఒంగోలునకే పరిమితములు కావు. హైదరాబాదు సంస్థానమున హనుమకొండ, నల్లగొండ, పాలమూరు ఈ బాప్తిస్టులకే చెందినవి. మెదకు వెస్లియనులకు చేరెను. చిమ్కోడు మున్నగు పల్లెలుగల బీదరు ప్రాంతమున అమెరికా మెథడిస్టులు పనిచేసిరి. భాష మూడుపాళ్లు కన్నడమైనను అచ్చటను సంఘము పెరిగినది మాదిగ, హొలెయ వాడలలోనే, బంధువర్గము వెంటనే. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు మెదకు, దోర్నకలువారు అందు కలిసిరి; బాప్తిస్టులును బీదరు మెథడిస్టులును కలియలేదు.

ఒంగోలు వారి మాట సముద్రము దాటిన సంగతి మన పాఠకులలో చాలమంది యెఱుగరు. 1860 మొదలు నేటాలు చెఱకుతోటలకు, తేయాకుతోటలకు మదరాసు రేవునుండి ఒప్పందపు కూలీలుగా పోయినవారిలో తెలుగువారు వేలున్నారు. వారిలో కొందఱు బాప్తిస్టులు. మాకొక బోధకుని పంపుడని వారు వ్రాసికొనగా, తెలుగు బాప్తిస్టుల స్వదేశీ మిషను సంఘమువారు జాన్ రంగయ్యగారిని 1903లో పంపిరి. కియర్స్నీ తేయాకుతోటలలో ఆయన సంఘము స్థాపించి, 1915లో అక్కడనే మరణించిరి. ఇరువదియైదేండ్లకు ముందు కరవు కూటికి కలిసిరని లోకము ఎగతాళిచేసిన ఆ జనమే, చందాలు పోగుచేసి తమవానిని ఆఫ్రికాఖండమునకు బోధకునిగా పంపగలిగినది. ఎగతాళికి ఇంతకంటె సమాధానము వలయునా?

క్లౌగారు 1910లో అమెరికాలో మరణించిరి. 1962లో నెల్లూరు కేంద్రముగా తెలుగు బాప్తిస్టు సంఘముల సమావేశ మేర్పడి, మిషను పని తెలుగువారి చేతులలోనికి వచ్చినది. ఇండ్లు, స్థలములు, బడులు, ఆస్పత్రులు వానితో వచ్చినవి. వానిని నడుపు ద్రవ్యము మాత్రము క్రమముగా తగ్గినది.

ఈ జనమునకు అంతకంటె పెద్ద దెబ్బ సంఘము లోపలినుండి కాక వెలుపలినుండి వచ్చినది. 1950లో రాష్ట్రపతి షెడ్యూల్డు కులముల ఉత్తరువు వెలువడినది. హిందువులు కానివారు ఆ కులములవారుగా ఎంచబడరని దానిలోని మూడవ పేరా. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును దానిని సవరించిరి, క్రైస్తవులకు సవరింపలేదు. ఆంధ్రదేశమున వీరిని వెనుకబడిన తరగతులలో సి వర్గముగా నెంచి నూటికి ఒక వంతు మాత్రము కేటాయించిరి. మతము మారినవారి విషయమును పరిశీలించుటకు 2022లో కేంద్రప్రభుత్వము కె. జి. బాలకృష్ణన్‌గారి యధ్యక్షతన నొక సంఘమును నియమించినది. ఊరి బావివద్ద పేరయ్య సంతతివాడు కలిసినను కలియకున్నను మాదిగయే. కచేరీ కాగితమున మాత్రము కలిసిన మఱునాడు మాదిగ కాకపోవుచున్నాడు. దీనివలన పల్లెలో ప్రతి యింటను రెండు లెక్కలు పుట్టినవి. గుడి రిజిస్టరులో నొక పేరు, బడి రిజిస్టరులో వేఱొక పేరు. ఆంధ్రప్రదేశమున క్రైస్తవులు 1971 జనాభా లెక్కలలో నూటికి నలుగురికి పైగా నుండిరి. 2011 లెక్కలలో నూటికి 1.34 మాత్రమే. ఆదివారమునాడు ఒంగోలు చుట్టుపట్ల పల్లెలకు పోయి గుడుల యెదుట విడిచిన చెప్పులను లెక్కించినవారు ఈ రెండవ సంఖ్యను నమ్మరు.